అమ్మకెంత?

తాళిబొట్టును తూచిన కాటా లాంటిదే
మా వంటింట్లోనూ ఒకటుంది.
గుడ్డు సొన ఇరవై మూడు.
కొబ్బరి నూనె పద్దెనిమిది.
బీరకాయ పదకొండు.
పన్నెండు చూపిస్తే ఒక ముక్క తీసి
నా నోట్లో వేసుకుంటాను.
ఏడాదిన్నరగా నా పొద్దుటి తిండి
ఆ మిగులు ముక్కలే.

గిన్నెకు అంటిన నూనె కూడా లెక్కే.
రబ్బరు గరిటెతో గీకి గీకి
"ఇదొక్కటే రూపికా, ఇదొక్కటే" అంటాను.
నూనె తాగి వెలిగేది
దీపమొక్కటే అనుకున్నానిన్నాళ్లూ.

మామిడి కాలంలో మునిశేఖర్
గుజ్జు ఫ్యాక్టరీ నుంచి రాత్రి పదింటికొస్తాడు.
ఒళ్లంతా తోతాపురి వాసన.
మురకంబట్టు వీధి కుక్కలకు కూడా తెలుసు ఆ వాసన.
వాకిట్లోనే చొక్కా విప్పి
మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంటాడు,
ఏదో నేరం చేసొచ్చినట్టు.
అయినా పాప పసిగడుతుంది.
సగం నిద్రలో నాన్న వేలు ముక్కు దగ్గర పెట్టుకుని
"ఈరోజు ఎన్ని లారీలొచ్చినాయి?" అంటుంది.
నాకో పండు తెమ్మని మాత్రం అడగదు.
అడిగి ఏడిస్తే బాగుండునేమో.

మేం సంగటి తినేది
కోకిలమ్మక్క వాళ్ల మిద్దె మెట్ల కింద.
వంతులేసుకుని, నిలబడి.
ఊరిబిండి కారం నాలుక మీద ఉండగానే
నీళ్లు పుక్కిలించి
మా ఇంట్లోకి మేమే దొంగల్లా వస్తాం.

రాత్రి, పాప కాలికి నా కాలు తాకించి పడుకుంటాను.
బిగుసుకుంటే తెలియాలి కదా.
కుక్క మొరిగితే లేస్తాను.
పాలబండి వస్తే లేస్తాను.
ఏ చప్పుడూ లేకపోతే
ఎందుకు లేదోనని లేస్తాను.

గడియారం కింద మేకుకు నోటుబుక్కు.
ఎన్నింటికి, ఎన్ని సెకన్లు, ఏ చెయ్యి ముందు.
రోజుకు పద్నాలుగు ఉండేవి.
ఇప్పుడు వారానికి రెండు.
"ఎంత తగ్గిందో చూడు" అంటారు చూసిపోవడానికొచ్చినవాళ్లు.
చూస్తూనే ఉన్నాను.
ఆ రెండూ ఎప్పుడొస్తాయో చెప్పి రావు.

ఆడబిడ్డ సీమంతంలో ఎవరో
పాప అరచేతిలో చక్కెర పొంగలి పెట్టారు.
"ఒక్క మెతుక్కి ఏమవుతుందమ్మా, మరీ చోద్యం!"
ఆ ఒక్క మెతుకు
మూడు రాత్రులు మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆయనా నేనూ మాట్లాడుకోకుండా లేం.
"వెన్న అయిపోయింది."
"పట్టీ ఊదా రంగుకొచ్చిందా?"
"వచ్చింది."
ఇదే ఇప్పుడు మా సరసం.

మొన్న వేలూరులో పథ్యం మేడమ్
నోటుబుక్కు మొత్తం తిరగేసి
ఎర్ర పెన్నుకు మూత పెట్టి
నా మొహంలోకి చూసింది.
"నువ్వు నిద్రపోయి ఎన్నాళ్లయింది?"
అర గ్రాముకు కూడా లెక్క చెప్పగలిగేదాన్ని,
నోరు పెగల్లేదు.
ఆ గడి నేనెప్పుడూ గీసుకోలేదు.
తిరుగు బస్సులో, బోర్డర్ చెక్‌పోస్టు దాటేదాకా
కొంగు మొహానికి అడ్డం పెట్టుకునే ఉన్నాను.
పాప కిటికీలోంచి టోపీ పోలీసులను లెక్కబెడుతూ వచ్చింది.

నిన్న పొద్దున
అది కాటా మీద కంచం పెట్టి
సున్నా వచ్చేదాకా నొక్కింది.
నా చేతుల్ని చూసి నేర్చుకుంది ఎప్పుడో.
కోకిలమ్మక్క టిఫిన్ డబ్బా మూత తీసి
వేడి సంగటి ముద్ద కంచంలో పడేసి
"అమ్మకెంత?" అంది.
అంకెలు గబగబా పెరిగి, తడబడి
అడ్డగీతలైపోయాయి.
ఐదొందల గ్రాములకు మించి మోయదది.
"లెక్క లేదంటుందిమా. నువ్వు ఎంతైనా తినొచ్చు."

కూర్చుని తిన్నాను.
దాని ఎదురుగానే.
దాని కంచంలో పదకొండు గ్రాముల బీరకాయ.
నా గొంతు దిగే ప్రతి ముద్దనూ
కన్నార్పకుండా చూసింది,
నేను దాని నిద్రను చూసినట్టు.

రాత్రి మునిశేఖర్ నన్ను జరగమని
నా చోట పడుకున్నాడు,
పాప కాలికి కాలు తాకించి.
నేను గోడవతల చాప మీద
గడియారం వింటూ ఉన్నాను.
పదకొండు కొట్టింది.
పదకొండున్నరకు ఎవరో దగ్గారు, ఆయనే.
పన్నెండు కూడా విన్నట్టే గుర్తు.
ఆ తర్వాత ఏం జరిగిందో
నాకు తెలియదు.