ఒకటిన్నర వానలు

పుస్తకంలో పది రకాల మబ్బులు.
ఈ రేవుకి వచ్చేది ఒక్కటే.
అదీ నెత్తిమీంచి కాదు,
సముద్రం మీంచి, నడిచి.

నేను వల్దీవియా దాన్ని.
అక్కడ తలుపు వెనక గొడుగులు
ఏడాదంతా ఆరని వాసన వేస్తాయి.
ఇక్కడ, అటకామా అంచున,
మొదటిరోజు నల్లబల్ల మీద వాన గీశాను,
నిలువు గీతలు.
"గేలం తాళ్లా టీచర్?" అన్నాడు ఎలెయుతేరియో.

వాడికి తొమ్మిదేళ్లు.
వాన ఒకటిన్నర సార్లు చూశాడట.
సగం వానేమిట్రా అంటే
"నిద్రలో ఉన్నా. అమ్మ లేపేసరికి అయిపోయింది."

బుధవారం వాళ్లే నన్ను కొండెక్కించారు.
రెండు గుంజల మధ్య నల్లటి వల.
"చేపలకి కింద, మబ్బుకి పైన" అంది యస్నా
బూటులో రాయి దులుపుకుంటూ.

వచ్చేసింది కమంచాక.
ముందు పడవలు పోయాయి, తర్వాత బడి కప్పు,
తర్వాత, చెయ్యి చాపితే, నా వేళ్లు.
అంత అల్లరి మూకా నోరు మూసుకుంది.
వల కంట్లో ఒక చుక్క.
పక్కన ఇంకోటి.
బరువెక్కి జారి, దారిలో చెల్లెళ్లని పిలుచుకుని
రేకు తూములో
టప్.

సాంద్రీకరణం అనే మాట
గొంతుదాకా వచ్చింది.
మింగేశాను.

దిగుతుంటే ఎలెయుతేరియో
కనురెప్పలు మూసి చూపించాడు:
"నాకూ పడ్డాయి టీచర్, నాలుగు."

శుక్రవారం పరీక్ష. మబ్బు అంటే ఏమి?
యస్నా కాగితంలో అక్షరం లేదు,
తడి మరక తప్ప.
తాగేనీళ్లు పాడుచేశావని కసిరాను.

ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది,
మార్కులు వెయ్యకుండా.
ఎప్పుడో ఆరిపోయింది.