జానెడు గుంట

మా మరిది తిబిలా నాకు చూపించిన నేల
పార కాదు కదా, వాన కూడా దిగని నేల.
కడవెడు నీళ్ళు పోస్తే
మాట వినని పిల్లాడిలా జారిపోయి
పక్కవాళ్ళ చేలో తేలేవి.
మా యాతెంగాలో దాన్ని జిపెల్లే అంటారు, తెల్లబోయిన నేల.
మొగుడు పోయిన ఆడదానికి
అంతకంటే నల్లది ఎవరిస్తారు?

"నీ ఇష్టం సిబ్దూ, ఏది పండితే అది తిను"
అన్నాడు. నవ్వలేదు. అదొక్కటే మర్యాద.

ఎడారి గాలి పళ్ళ సందుల్లో దుమ్ము కూరే రోజుల్లో
పొట్టిపిడి పార పట్టుకుని ఒంగాను.
జానెడు వెడల్పు, బెత్తెడు లోతు.
తీసిన మట్టి పల్లం వైపు నెలవంకలా పెట్టాలి,
నీళ్ళు ఎగువ నుంచి వస్తాయి కాబట్టి.
ఒకటి. ఓ అడుగు జరిగి ఇంకొకటి.
మధ్యాహ్నానికి అరచేయంతా బొబ్బలు.
చితికాక పిడి జారదు, అదో సదుపాయం.

బావికెళ్ళే ఆడవాళ్ళు ఆగి చూశారు.
"ఎవరికమ్మా ఇన్ని సమాధులు?"
బదులు చెప్పలేదు. ఉమ్మి ఖర్చు.

పేడ కావాలి. నాకు మేక కూడా లేదు.
కాపరి యెరోకి నిరుటి జొన్నదంటు ఇస్తే
అతని మంద మూడు రాత్రులు నా నేలమీద పడుకుంది.
తెల్లారి చేతులతో ఎత్తాను, ఇంకా వెచ్చగానే ఉంది.
గుంటకు రెండు గుప్పిళ్ళు.
మూడోది వేయబోయి ఆపుకున్నాను,
కూతురికి వడ్డించేటప్పుడు ఆపుకున్నట్టే.

అప్పుడు వచ్చాయి చెదలు.
మా ఇంటి దూలం తిన్నవే, ఆయన చొక్కాల పెట్టె తిన్నవే,
పేడ వాసన పట్టి బారులు తీరి వచ్చాయి.
నేను బెత్తెడు తవ్వితే
అవి నిలువు లోతు తవ్వాయి, కూలి అడక్కుండా.
తొలి వాన నాడు
మోకాళ్ళమీద కూచుని, తడిసిపోతూ,
గుంటకి చెవి ఆనించి విన్నాను.
గుటక.
ఇంకో గుటక.

మొదటి ఏడు నాలుగు గంపల జొన్న.
రెండో ఏడు తొమ్మిది.
మూడో ఏడు, పేడతో వచ్చిన గింజలు మొలిచి
నేను నాటని చెట్లు మోకాలెత్తు లేచాయి.
ఓ రాత్రి నా కూతురు పోకో
గిన్నె అడుగు గీకకుండా లేచింది.
ఆ గిన్నెని చాలాసేపు కడగబుద్ధి కాలేదు.

నాలుగో ఏడు తిబిలా వచ్చాడు.
మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపాడు. నల్లగా ఉంది.
"ఇది మా నాన్న నేల కదా" అన్నాడు.
ఎవరూ కాదనలేదు. నిజమే మరి.
కొన్ని నిజాలు దూదిమూటలు, ఎవడైనా ఎత్తుకుపోగలడు.
నాకు తూర్పున ఇంకో తెల్లనేల చూపించాడు.

వెళ్ళేముందు ఒక తాడు తీసుకుని
ఊరి నేలపెద్దని పొలమంతా వెంట తిప్పాను.
ఇరవై గుంటలకి ఒక ముడి.
నూట పదహారు ముళ్ళు, పైన ఏడు గుంటలు.
"ఈ తాడు మీ ఇంటి దూలానికి కట్టుకోండి" అన్నాను.
"ఎన్నాళ్ళు?"
"చెదలు తినేదాకా."

ఇది రెండో వానాకాలం.
నిన్న రాత్రి తిబిలా నా గుమ్మంలో నిలబడ్డాడు.
గుంటలు పూడిపోయాయట.
జొన్న నడుమెత్తు కూడా రాక పసుపు తిరిగిందట.
నేలకి నువ్వేమైనా చేశావా అని
సగం అడిగాడు, సగం మింగాడు.

చేశాను మరిదీ, మూడేళ్ళు చేశాను.
మానేశాక దానికి మళ్ళీ ఆకలేసింది, అంతే.
జానెడు పొట్ట మనకొక్కళ్ళకే అనుకున్నావా?
ఏటా తవ్వాలి. ఏటా పెట్టాలి.

"సగం పొలం" అన్నాను. "పోకో పేరున.
నేలపెద్ద ఎదుట. తాడు దింపిస్తాను."

బదులు చెప్పలేదు. వెళ్ళనూ లేదు.
గోడవార పేడగంప ఉంది.
చీకట్లో కాలితో
అతని వైపు జరిపాను.