రెండూ నలభైకి ఒకరు

రొయ్యల మేత కొట్టు పైన మా జిమ్ము.
మెట్లెక్కేదాకా చేపపొడి వాసన,
ఎక్కాక రబ్బరు మ్యాట్లది.
పాలకొల్లులో ఇది మూడో జిమ్ము.
మొదటి రెండింటికీ ఏసీ ఉంది.

"వీడియోలు పెట్టెహె, జనం వాళ్ళే వస్తారు" అన్నాడు
ఫ్లెక్సీలు కొట్టే బుల్లబ్బాయి.
పెట్టాను.
ఇరవై కేజీల డంబెల్‌కి ఫోను ఆనించి
ఛాతీ పెట్టాను, భుజం పెట్టాను,
చొక్కా విప్పి వీపు పెట్టాను.
కొబ్బరినూనె రాస్తే కండ మెరుస్తుందంటే
అదీ రాశాను.
వెనకాల పాట దడదడలాడింది.
పద్నాలుగుసార్లు చూశారు.
అందులో తొమ్మిదిసార్లు నేనే.
లైకు కొట్టిన మేనత్త కొడుకు మస్కట్లో ఉన్నాడు,
అక్కణ్ణుంచి వచ్చి బరువులెత్తడు కదా.
ఏ వీడియో చూడకుండానే
ఐదో తారీఖున ఠంచనుగా మెట్లెక్కేది
కొట్టు ఓనరొక్కడే.

ఒకటి మాత్రం గమనించాను.
రోజూ రాత్రి రెండూ నలభైకి
ఎవరో ఒక్కరు చూస్తున్నారు.
మొదట్నుంచి చివరిదాకా.
మళ్ళీ మొదట్నుంచి.
పెళ్ళి నెలలోకొచ్చి పొట్ట తగ్గని కుర్రాడేమో,
బెంగతో నిద్రపట్టని మనిషేమో.
ఆ ఒక్కరి కోసం
చొక్కా వేసుకున్నాను. పాట తీసేశాను.
మోకాలు ఎందాకా వంచాలో
ఊపిరి ఎప్పుడు వదలాలో
ఎదురుగా ఉన్నవాళ్ళకి చెప్పినట్టు చెబుతుంటే
నా గొంతు నాకే కొత్తగా ఉంది.

వాన వెలిసిన ఓ పొద్దున
పిక్కలదాకా బురదతో ఒకాయన మెట్లెక్కాడు.
కడలి సత్తిపండు.
మొగల్తూరు వైపు చెరువులకి కాపలా.
"ఆ వీడియోల బాబు మీరేనాండి?
రేత్రంతా ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో
కనిపెట్టుకునుండాలండి.
కరెంటు పోయి చక్రం ఆగిందంటే
రొయ్య పైకి తేలిపోద్దండి.
కునుకు రాకుండా మిమ్మల్ని చూత్తానండి.
సినిమాలైతే నిద్రొచ్చేత్తది, ఆయ్."

ఏదైనా చేశారా, అనడిగాను.
"ఒక్కటీ చెయ్యలేదండి."
సిగ్గుపడి బురద కాలిని బురద కాలితో రుద్దుకున్నాడు.
"పీల్చమన్నప్పుడల్లా ఊపిరి మాత్రం పీల్చానండి.
ఇంకోటండి, ఏవనుకోకండి,
ఎనిమిది తరవాత తొమ్మిది మింగేత్తన్నారు."

ఆయన వెళ్ళాక అన్నీ వేసి చూశాను.
నిజమే. ఎనిమిది దగ్గర చేతులు వణుకుతాయి,
నోరు వెళ్ళి పది మీద వాలిపోతుంది.
ఇన్నాళ్ళూ ఇది చూసింది
చెరువు గట్టు మీది మనిషొక్కడు.

ఆ శనివారం రాత్రి గట్టుకి వెళ్ళాను.
మేత బస్తాకి ఫోను ఆనించాను.
సత్తిపండు టార్చి పట్టుకున్నాడు,
సగం వెలుతురు నా మీద, సగం నీళ్ళ మీద.
కూర్చుని కూర్చుని పట్టేసిన నడుముకి
కుర్చీ దిగకుండా చేసుకునేవి చెప్పాను,
కాపలావాళ్ళకి,
లేసు అల్లీ అల్లీ మెడ ఎత్తలేనివాళ్ళకి.

నడుమ కరెంటు పోయింది.
చక్రాలు ఆగితే ఎంత నిశ్శబ్దమో అప్పుడే తెలిసింది.
టార్చితో సహా ఆయన జనరేటరు వైపు పరుగు.
ఫోన్లో అంతా నలుపు,
నలుపులో నా గొంతు:
"ఆపొద్దు. వదలండి. ఆరు... ఏడు..."
ఎవరికి చెబుతున్నానో.
గట్టు వారన నీళ్ళు చిన్నగా చిటపటలాడుతున్నాయి.
"ఎనిమిది..."
జనరేటరు దగ్గి, దగ్గి, అందుకునేసరికి
తొమ్మిది.

కత్తిరించకుండా అలాగే పెట్టేశాను.

నర్సాపురం నుంచి లేసు అల్లే ఇద్దరొచ్చారు.
ఫీజు వారానికింత అని మాట్లాడుకున్నాం.
బ్యాంకు గుమాస్తా ఒకాయన వచ్చి
ఏసీ లేదా అని చూసి దిగిపోయాడు.
అద్దె ఇంకా సగమే కట్టాను.
సత్తిపండు చేరలేదు, పగలు పడుకోవాలి కదండీ అంటాడు.

నిన్న రాత్రి రెండూ నలభైకి
ముగ్గురు.
మిగతా ఇద్దరూ
ఏ గట్టు మీదున్నారో.