పొయ్యి గట్టు మీద పళ్లెం

క్రిస్మస్ ముందు రాత్రి
మా లిథువేనియాలో
ఆ ఏడు పోయినవాళ్లకి బల్ల దగ్గర ఒక చోటు వదిలిపెడతాం.
పళ్లెం పెట్టి, చెంచా బదులు
చిన్న కొవ్వొత్తి నిలబెడతాం.

తాతయ్య పోయిన ఏడు ఏ తడుములాటా లేదు.
కిటికీ పక్క కుర్చీ,
దాని చెయ్యి మీద సిగరెట్టు కాలిన మచ్చ,
అందరికీ తెలిసిన సింహాసనం.

ఈ ఏడు అమ్మమ్మ.
కాగితాల్లో అపొలోనియా, ఊరికి పోల్యా, మాకు ఉత్త అమ్మమ్మ.
పళ్లెం చేత్తో పట్టుకుని మా అమ్మ
బల్ల చుట్టూ ఒకటిన్నర ప్రదక్షిణ చేసి ఆగిపోయింది.
"ఎక్కడ కూర్చునేది?"

తాతయ్య పక్కనే, అన్నాడు జిగ్మస్ మామయ్య.
అక్కడ నువ్వే కదా, అంది డంగువోలె పిన్ని.
తలుపు వైపు, చివర్న?
అక్కడ కట్టెల బుట్ట ఉండేది.
కుర్చీలు లెక్కపెట్టాం, వేలు పెట్టి, దొంగల్ని లెక్కపెట్టినట్టు.
ఏడు. ఏడింటికీ ఏడు పేర్లు.
యాభై ఏళ్లు ఆ ఇంట్లో వండిన మనిషికి
కుర్చీ లేదన్న సంగతి
ఆవిడ పోయిన ఏడు నెలలకి
బీట్‌రూట్ చారు చల్లారుతుంటే తెలిసింది మాకు.

ఎక్కడుండేది మరి?
నేలమాళిగలో, ఊరగాయ జాడీల మధ్య.
పైన్ అడవిలో, తెల్లారకముందే,
పుట్టగొడుగుల కోసం నడుం వంచి.
వాటిని దారానికి గుచ్చి, ఎండబెట్టి
రైలు స్టేషన్లో అమ్మితే
మామయ్య కాళ్లకి బూట్లొచ్చాయి,
అమ్మకి ఎవరో వాడి వదిలేసిన అకార్డియన్ వచ్చింది.
ఆవిడ గోళ్ల కింద నలుపు ఏ సబ్బుకీ లొంగలేదు.
పెళ్లిళ్లకి వెళ్తే
చేతులు కోటు జేబుల్లో దాచుకునేది.

"కూర్చోవే తల్లీ" అని ఎవరైనా అంటే
"మీరు కానివ్వండి, నాదయింది" అనేది.
ఎప్పుడయింది, ఏం తింది,
ఎవరం అడగలేదు.
అడిగితే లేవాల్సొస్తుందని కాబోలు.

దేవత అనను ఆవిణ్ణి.
కోపమొస్తే గరిటె విసిరేది.
పక్కింటి స్టెఫానియాతో
ఒక కోడి గురించి తొమ్మిదేళ్లు మాట్లాడలేదు.
చక్కెర దాచేది, దాచిన చోటు మరిచిపోయి
మమ్మల్ని తిట్టేది.

అప్పుడు లేచింది రుస్నె. పిన్ని మనవరాలు, ఆరేళ్లది.
అమ్మ చేతిలో పళ్లెం తీసుకుపోయి
ఇటుకల పొయ్యి గట్టు మీద పెట్టింది.
"ఇక్కడ. నించుని తినేది.
అడుగున మాడింది గీక్కుని.
నాకూ పెట్టేది."

ఎవరం ఏం మాట్లాడలేదు.
మామయ్య కొవ్వొత్తి వెలిగించబోతే
మూడు అగ్గిపుల్లలు విరిగాయి.

భోజనాలయ్యాక గడ్డిపోచలు లాగుతాం.
బల్లగుడ్డ కింద ఎండుగడ్డి పరిచి ఉంటుంది.
చూడకుండా ఒక్కో పోచ తియ్యాలి.
పొడుగుదొస్తే నిండు నూరేళ్లు.
చిన్నప్పుడు నాకెప్పుడూ పొడుగే,
పిల్లలందరికీ పొడుగే,
గట్టి ప్రాణాల వంశం మాది అనుకునేదాన్ని
పన్నెండో ఏట, ఒక మధ్యాహ్నం
దాహమై వంటింట్లోకి వచ్చేదాకా.
అమ్మమ్మ బల్లగుడ్డ ఎత్తి పట్టుకుని
మేం కూర్చునే వైపు
పొడుగు పోచలు ఏరి ఏరి పరుస్తోంది.
పొట్టివి తన జేబులో వేసుకుంటోంది.
నన్ను చూసి, నోరెత్తావంటే, అన్నట్టు
గరిటె చూపించింది.

ఈ ఏడు గడ్డి నేనే పరిచాను.
ఏరాలని తోచలేదు.
రుస్నె చెయ్యి పెట్టి లాగింది.
వేలెడు లేదు.
"ఇదేంటి?" అంది, పోచని వెలుగుకెత్తి.

"అది నాది. నీకొచ్చింది పొరపాటున" అన్నాను.
నా చేతిలోది దాని చేతిలో పెట్టి
పొట్టిది జేబులో వేసుకుని
చారు వేడిచెయ్యడానికి లేచాను.

వెనకనించి మామయ్య
పొయ్యి వైపు చూస్తూ, మెల్లగా,
"కూర్చో" అన్నాడు.