లాభం

ధాన్యం లెక్కవెట్టేటోడు ఒకటి అనడు.
లాభం, అంటడు. తర్వాతనే రెండు, మూడు.
మా జానయ్య మిర్యాలగూడ మిల్లుల
ఇరవై రెండేండ్లు అట్లనే బస్తాలు దించిండు,
మెడ మీద గోనె నార గుచ్చుకుంట.

ఇప్పుడు ఆయన లెక్క వేరేటోళ్లు రాస్తున్నరు.
తెల్లకణాలు: రెండొందలు.
ఎన్నుండాలె సారూ?
నాలుగువేలకు పైన, అన్నడు కాయితంల నుంచి తల ఎత్తకుంట.

కీమో ఎక్కిచ్చుకొని వచ్చిన పదో రోజు.
నీళ్లు మసలవెట్టి, చల్లార్చి, మళ్ల మసలవెట్టిన.
నీళ్లను అనుమానించుడు మా జిల్లోళ్లకు
వంగిన మోకాళ్లు నేర్పిన చదువు.
జామకాయలు తెచ్చిన ఆడబిడ్డను వాకిట్లనే ఆపిన.
ఆమె ఇంకా మాట్లాడుతలేదు.

రాత్రి పదకొండుకు సలి.
ఇనుప మంచం గచ్చు మీద టకటక కొట్టుకుంది.
నూటొక్కటి.
జెరమొస్తె తెల్లారేదాక ఆగొద్దని
సిస్టరమ్మ మూడుసార్లు చెప్పింది.
బియ్యం దించొచ్చిన డీసీఎంను బతిమాలిన.
నార్కట్‌పల్లి కాడ చాయ్ తాగుదమా అన్నడు డ్రైవరు,
నా మొఖం చూసి బండి ఆపలే.

పట్నం దవాఖానల
గంట లోపలనే సూదిమందు వడ్డది.
అంతకు ముందే రెండు చేతులల్ల నెత్తురు తీసి
సీసాలల్ల పోసిండ్రు.
ఏమన్న మొలిస్తె ఎల్లుండికి తెలుస్తదట.
ఎన్ని నార్లు పోసిన నా చేతులతోని!
మొలవొద్దని మొక్కింది ఇదొక్కదానికే.

మొలిచింది.

నీళ్లదా? జామకాయదా? నా చేతులదా?
చిన్న డాక్టరమ్మ స్టూలు జరుపుకొని కూసున్నది.
ఏదీ కాదు. ఆయన పేగులల్లదే.
పుట్టినప్పటిసంది ఆయనతోనే ఉన్నది.
కాపలా లేదు కదమ్మా, నెత్తురుల దిగింది.

వాచ్‌మన్ లేని రాత్రి మిల్లుల బస్తా పోతే
ఎత్తుకపోయేది దారిన పోయేటోడు కాదు.
ఆ సంగతి నాకు ముందే తెల్వాలె.
ఆడబిడ్డకు ఫోన్ కలిపిన.
ఎత్తింది. ఏమనాల్నో తెల్వలే,
తిన్నవా అన్న.

తొమ్మిదో రోజు కాయితమొచ్చింది.
ఎంత? పుండ్లువడ్డ పెదిమలతోని అడిగిండు.
పదకొండొందలు.
కండ్లు మూసుకొని, దుప్పటి మీద ఏలు ఆనిచ్చి,
లాభం, అన్నడు.

పక్క మంచం కల్వకుర్తి పిలగానిది.
వానిది ఏ మందుకూ లొంగలే.
మంచం మీద కొత్త దుప్పటి పరిచిండ్రు.
వాళ్లమ్మ మర్చిపోయిన ఫ్లాస్కు
ఇంకా కిటికీలనే ఉన్నది.

రెండు, అని నేను అందియ్యలే.