మూడు చుట్లు

చీమకుర్తిలో మా పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆఫీసుకి
గోడలు రెండడుగుల మందం.
ఎగుమతికి పనికిరాక పడేసిన దిమ్మెలు పేర్చి కట్టారు.
వైఫై పెట్టెకి ఎన్ని కొమ్ములుంటేనేం
ఆ రాయి ముందు అది లేగదూడే.

కాటా గది గేటు దగ్గర. లెక్కల గది మేడ మీద.
లారీ తూకం చీటీ మీద రాసుకుని
నాగూర్బీ రోజుకి నలభైసార్లు మెట్లెక్కేది.
"బెజ్జం పెట్టి వైరు లాగు మాలకొండయ్యా" అన్నారు.
డ్రిల్లు బిట్లు మూడు విరిగాయి.
రాయి మీద సున్నపు బొట్టంత మచ్చ, అంతే.

ఆ పిల్లే ఒంగోలు నుంచి తెప్పించింది
సబ్బుబిళ్ళంత పెట్టెలు, రెండు.
"ఒకటి కింద ప్లగ్గులో, ఒకటి పైన.
మన కరెంటు తీగల్లోనే లెక్క నడిచొస్తది మామా."

కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుద్దని తెలుసు గానీ
ఆ ఉయ్యాల తాడు మీద
చీమల బారులా అంకెలు పోతాయని
ఈ వయసులోనా తెలియడం.

పెట్టాం. ఎర్రదీపం.
తూకం మేడెక్కేసరికి
లారీ సంతనూతలపాడు దాటింది.

ఎక్స్‌టెన్షన్ పెట్టెలోంచి పీకి నేరుగా గోడకి గుచ్చా.
పిడుగుల్ని ఆపే ఆ పెట్టె
అంకెల్ని కూడా పిడుగులనుకుని మింగేస్తంది మరి.
కొంచెం నయం.

కింద గది నీలం ఫేజు, పై గది ఎరుపు.
ఒకే మీటరు కింద వేరు కాపురాలు,
ఈ పొయ్యి కాడి మాట ఆ పొయ్యికి వినపడదు.
బోర్డు విప్పి రెంటినీ ఒక ఫేజు మీద కూచోబెట్టా.
దీపం పసుపైంది.

కట్టర్ ఆడితే మాత్రం
తీగలో కంకర దొర్లినట్టే.
దాని మెడకి ఫిల్టరు కట్టాం.
తీరా చూస్తే కట్టర్ కంటే ఎక్కువ గోల
అకౌంటెంటు గారి అరవై రూపాయల చార్జరుది.
పీకేస్తే రెండు రోజులు నాతో మాట్లాడలా.

అయినా పసుపే.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని
ప్లగ్గు ప్లగ్గుకీ తిరిగా.
మెట్ల మలుపు దాకా బాగానే ఉంది,
మలుపు తిరగ్గానే చతికిలబడతంది.
క్యాలెండరు తీసి, నాలుగు పొరల రంగు గీకి
జంక్షన్ పెట్టె మూత విప్పా.

టేపు ఎడమకి చుట్టి ఉంది.

మా చుట్టుపక్కల ఎడంచేతి వైర్‌మన్ని
అప్పుడూ ఇప్పుడూ నేనొక్కణ్ణే.

"ఆరు చుట్లు, ఆపైన టంకం" అనేవాడు పిచ్చయ్య మేస్త్రి,
చుట్టు తక్కువైతే వేలి కణుపుల మీద కటింగ్ ప్లేయర్‌తో కొట్టేవాడు.
లెక్కపెట్టా. మూడు.
టంకం జాడే లేదు.
తొంభై మూడు, ఎండాకాలం.
రోడ్డు మీద ఒంగోలు ఆఖరి బస్సు హారన్ కొడతంది,
మేస్త్రి ఆ రోజు రాలేదు.

ఇన్నేళ్ళూ బల్బు ఏమీ అనలా.
ఫ్యాను ఏమీ అనలా.
ఎప్పుడో కాలిన వాసనొస్తే
ఎలక చచ్చిందనుకున్నారు.
వెలుగుదేముంది, తీగ తగిలితే చాలు దానికి.
అంకె అట్టా కాదు,
వదులు కనపడితే సగం వెనక్కి మళ్ళి
వచ్చే వాటిని గుద్దుకుంటది.

మెయిను దించా.
రాగి నల్లబడింది, ఎర్రగా వచ్చేదాకా గీకా.
ఆరు చుట్లు. ఏడోది కూడా వేశా, ఎందుకో.
టంకం కరిగి గుగ్గిలం పొగ లేచింది.
కళ్ళు మండాయి. పొగకే.

మెయిను ఎత్తేసరికి పచ్చదీపం.
"ముప్పై రెండు టన్నుల ఆరొందల నలభయ్యి మామా!"
నాగూర్బీ కేక మెట్లెక్కే లోపే
అంకె పైన తెర మీద కూచునుంది.

సాయంత్రం బిల్లు రాసిచ్చా.
ఫిల్టరు ఒకటి. ఫేజు మార్పు. విరిగిన బిట్లు.
మెట్ల కాడ జాయింటు, సున్నా.

"అదేంది మామా, అంత సేపు చేసి?"

దాని కూలి
తొంభై మూడులోనే తీసుకున్నాలేమ్మా.