ఆకు పేరు పెట్టుకున్న తలుపు

మాఘమాసం, తెల్లారుజాము, కొండపి అవతల
బేరన్ ముందు తాటాకు పందిరి.
మంచు కారే పచ్చాకు కుప్ప చుట్టూ
ఐదుగురు: మా అమ్మ ఎస్తేరు, మస్తానమ్మ, రవణమ్మ,
కందుకూరు నుంచి కోడలుగా వచ్చిన చిట్టెమ్మ,
పేరడిగితే నవ్వి ఊరుకునే ఒక ముసలామె.
కర్రకి అటూ ఇటూ ఆకు అల్లుతున్నారు.

పసరు మోచేతుల దాకా నల్లగా.
ఎనిమిదింటికి అమ్మ లేచి గట్టు పక్కకెళ్ళి కక్కేది.
తల తిప్పుడు, చెమట, నోట్లో నీళ్ళు.
"ఆకు పట్టింది" అనేవాళ్ళు,
దయ్యం పట్టిందన్నట్టే.
చింతపండు నీళ్ళు తాగి మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఒంగోలు నర్సింగు బడిలో రెండో ఏడు
మేడమ్ బోర్డు మీద ఐదు సొరకాయలు గీసింది,
గుండ్రంగా, భుజాలు రాసుకునేట్టు.
నడుమ ఏమీ గీయలేదు.
ఆ ఏమీ లేనిదే దారి, అంది.
నాకు పందిరి గుర్తొచ్చింది.

కణం గోడలో ఐదు ప్రోటీన్లు ఒరుసుకుని కూర్చుంటాయి.
అవతలి నరం కొస నుంచి కబురు ఈదుకుంటూ వస్తుంది,
దాని పేరు ఎసిటైల్‌కోలిన్.
ఒకటి చాలదు.
మోపు ఎత్తడానికి ఇద్దరు కావాల్సినట్టు
రెండు చోట్ల రెండు చేతులు పడాలి.
అప్పుడు ఐదూ పిసరంత ఒళ్ళు తిప్పుతాయి,
సందులోంచి సోడియం లోపలికి ఉరుకుతుంది,
ఎండాకాలం కనపర్తి కయ్యల్లో మేం తొక్కిన ఉప్పులోదే.
రెప్ప లేస్తుంది. వేలు ముడుచుకుంటుంది.
ఈ తలుపు చుట్టాలే మెదడులోనూ,
అక్కడైతే ఒక ఊహ మేలుకుంటుంది.
అంతలోనే ఊడ్చేవాళ్ళొచ్చి కబురుని చిదిమి పారేస్తారు.

పసరులో ఉన్నది ఆ కబురు కాదు,
దాని పోలిక ఉన్న దొంగ తాళంచెవి.
ఊడ్చేవాళ్ళు దాన్ని ముట్టుకోరు.
నాన్న చుట్ట మీద చుట్ట.
తెరిచి తెరిచి తలుపులు మొద్దుబారితే
మెదడు ఇంకాసిని బిగించుకుంది.
పొద్దున్నే కేకలేసింది అవి.
నేను తిట్టింది ఆయన్ని.

ఆ ఏడే కట్టెల కుప్పలో నాగుపాము,
బేరన్‌కి మంటేసే చేతి మీద.
ఆటో ఒంగోలు చేరేసరికి రెప్పలు వాలిపోయాయి.
నన్ను చూడాలని గడ్డం పైకెత్తుతున్నాడు.
ఆకు తెరిచే తలుపులాంటి దానికే
విషం అడ్డం కూర్చుంది,
తను తెరవదు, ఎవర్నీ తెరవనివ్వదు.
విరుగుడు సీసాలు ఎక్కించారు.
ఇంకో సూది నేనే అందించాను,
ఊడ్చేవాళ్ళని కాసేపు ఆపే మందు,
కబుర్లు పోగుపడి, తోసుకుని తోసుకుని
ఏదో ఒక తలుపు కాడ చోటు దొరికించుకోవాలని.
అరగంటకి ఎడమ రెప్ప
వెంట్రుకవాసి లేచింది.

ఇదంతా అమ్మకి చెప్పాను,
కుంకుడు రసంతో ఆమె చేతులు తోముతూ.
పసరు పోలేదు.
"ఆ తలుపు పేరేంది?"
నికోటినిక్. ఆకు పేరే పెట్టారమ్మా.
ఆకు ఎరగని ఒంట్లోనూ ఉంటుంది,
అయినా దొంగ పేరే.

అమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.
"మనముండే ఇళ్ళని
మాలకొండారెడ్డి బేరన్‌కాడి ఇళ్ళనరా?
అట్టాగే అదీను."